చేప ముట్టని దళవాయి

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి, కొంగులూ తువ్వాళ్ళూ దులుపుకుని ఇళ్ళకి పొండి, నేనేమీ అనుకోను. సగం కథలో లేచి "ఇది నిజమా తాతా" అన్నవాడితో మాత్రం చచ్చేదాకా మాట్లాడను. అలా నేను మాట మానేసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. సరే. బురుజుబావి తెలుసు కదా? ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, కూలిపోయిన మట్టికోట పక్కన, వంగిన చింతచెట్టు కింద. ఆ చెట్టు కాయ ఎవరూ దులపరు, ఆ బావి నీళ్ళు ఎవరూ తోడరు, ఆకలేసిన మేక కూడా అటు మూతి తిప్పదు. ఎందుకు? అందులో దళవాయి కొండమనాయుడు ఉన్నాడు గనక.

దళవాయి అంటే సేనాపతి, ఆ కోటకీ కోటలో బంట్లకీ పెద్ద. మెట్ట దేశం మనిషి. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి పక్క ఊరి ఎడ్లు కాడి తెంపుకుని పారిపోయాయి. పెద్దయ్యాక, శత్రువులు ఫిరంగి పేలిస్తే గుండుని అరచేత్తో పట్టుకుని, కాల్చిన చిలగడదుంపని మార్చుకున్నట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, కాస్త చల్లారాక, పేల్చినవాడి పేరడిగి మరీ వాడికే తిరిగి విసిరేవాడు. నవ్వకురా సూరిబాబూ, నీ చేతికి వేడి గ్లాసు తగిలితేనే వదిలేస్తావు, నీకేం తెలుస్తుంది. అంతటి మనిషికీ ఒక భయం ఉండేది. ఏమిటనుకున్నారు? చేప ముల్లు. జొన్న సంకటి తిని పెరిగినవాడు కదా, ఇక్కడికొచ్చిన కొత్తలో గొంతులో ముల్లు దిగబడి తెగ అవస్థపడ్డాడు, ఆ తరవాత ఇంక చేప ముట్టలేదు. మన పాలెం ఆడవాళ్ళు ఊరుకుంటారా, దళవాయిగారికి ఫిరంగి గుండు పులుసు పెడదామా అని ఆటపట్టించేవాళ్ళు, ఆయనా వాళ్ళతో పాటు నవ్వేవాడు.

అలా ఉండగా పరరాజు సేన వచ్చి కోటని చుట్టుముట్టింది. మెట్ట వైపు గుర్రాలు, సముద్రం వైపు ఓడలు. మన వలలు కాల్చేశారు, పడవలు బద్దలుకొట్టేశారు. పాలెం జనమంతా కోటలోనే తలదాచుకున్నారు, గాదెలు ఖాళీ అయిపోయాయి, పిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నారు. అప్పుడాయన ఏం చేశాడు? కోట వెనక మడ కాలువ గట్టున కూర్చుని, సముద్రపు నీళ్ళు పోటుకి ఎక్కడం, పాటుకి దిగడం చూశాడు. చూసి, తుమ్మకంప నరికించి, కాలువకి అడ్డంగా బురదలో పాతించాడు. పోటు నీళ్ళు ఆ కంప మీదుగా చేపల్ని లోపలికి తెచ్చాయి, పాటుకి నీళ్ళు దిగిపోయాయి, చేపలన్నీ ముళ్ళలో చిక్కుకుని, చెట్టుకి కాయలు కాసినట్టు వేలాడాయి. వల లేదు, పడవ లేదు. వందల ఏళ్ళుగా గంగపుత్రులమని చెప్పుకునే మనకి చేప పట్టడం నేర్పినవాడు చేప తినని మనిషి. కంపలపాలెం అని మన ఊరికి పేరు మరెలా వచ్చిందనుకున్నారు?

ఇంక చూడండి, ముట్టడి నడుస్తూనే ఉంది, లోపలివాళ్ళు మాత్రం బుగ్గలు తేరుతున్నారు. బంట్లకి నడికట్లు చాలక తాళ్ళు కట్టుకునేవాళ్ళు. ఒక్క దళవాయే గంజి తాగుతూ ఎండు కర్రలా అయిపోయాడు. చివరికి శత్రువులకే తిండి అయిపోయి, కోటలోంచి వచ్చే పులుసు వాసన భరించలేక ఏడుస్తూ వెళ్ళిపోయారు.

గెలిచినందుకు రాజు సన్మానం పంపాలి కదా? పంపింది ప్రధానిని. ఆ ప్రధాని సముద్రం ఎన్నడూ చూడనివాడు. బంట్ల పొట్టలు చూశాడు, ఇంత ముట్టడిలో వీళ్ళకి తిండి ఎవరు పెట్టారు, శత్రువే పెట్టి ఉండాలి, వీడు లోపాయికారీగా కలిసిపోయాడు అన్నాడు. దళవాయి ఉన్నమాట చెప్పాడు. ముళ్ళకి చేపలు కాస్తాయా అని ప్రధాని నవ్వాడు. అప్పుడు దళవాయి మన వాళ్ళ వైపు తిరిగి, వీళ్ళనడగండి, రోజూ తిన్నవాళ్ళు వీళ్ళే అన్నాడు.

మనవాళ్ళు ఏం చెప్పారు? కత్తులు చూశారు. నేల చూశారు. పాలెం పాలెమంతా తల దించుకుంది.

ఆయన కోపగించుకున్నాడా? పోనీలే, భయపడ్డారు అన్నాడు, అంతే. ప్రధాని మాట మీద బంట్లు ఆయన తల నరకబోతే కత్తి వంగింది. ఇంకోటి తెచ్చారు, అది విరిగి, ముక్క ఎగిరి, ఇప్పటికీ కిందపడలేదు. ఆ మెడ అలాంటిది. ప్రధాని చూసి చూసి, వీడు చావకపోతే ఈ పాలెంవాళ్ళని నరకండి అన్నాడు. అది విని దళవాయి తనే మెడ మెత్తన చేసి వంచాడు. వంచి ఇచ్చాడమ్మా, మనకోసం. ఆ శవాన్ని బావిలో పడేశారు.

సిగ్గుపడ్డ మనవాళ్ళు ఏటేటా తొలి చేపని బావి దగ్గర పెట్టడం మొదలుపెట్టారు. ఎవరైనా పెడతారా అలా? ఏ చేప వల్ల ప్రాణం పోయిందో అదే తెచ్చి పెడితే? సాయంత్రానికల్లా బావిలోంచి చేప తిరిగొచ్చి పెట్టినవాడి వీపు మీద పడేది, వెనకే గొంతు వినిపించేది, సాక్షి ఎవడు అని. జనం పరుగో పరుగు. చేప చిన్నదని కోపం వచ్చిందనుకుని మరుసటేడు ఇంకా పెద్దది తెచ్చేవాళ్ళు, దెబ్బా పెద్దదయ్యేది. మా తాతల కాలంలో కులపెద్దకి మణుగు బరువున్న పండుగప్ప చేప నెత్తిన తగిలి మంచాన పడ్డాడు. ఇంక లాభం లేదు, పొద్దున్నే ఆ బావిని మట్టితో పూడ్చేద్దామని అంతా కూర్చుని తీర్మానం చేశారు.

మా మేనత్త కాసులమ్మ ఉండేది, నోరు విప్పితే అల వెనక్కి పోయేది. నేనప్పటికి పుట్టలేదు గానీ నిన్న చూసినట్టు చెబుతాను. పూడ్చేస్తే ఆ మనిషి ద్రోహిగానే ఉండిపోతాడు కదా అంది. దీపాలవేళకి, చేప లేకుండా, ఉత్త చేతులతో బావి దగ్గరికెళ్ళి నిలబడింది. సాక్షి ఎవడు అని గొంతు వచ్చింది. అత్త అక్కణ్ణించి కదలలేదు.

"నేను చెబుతాను నాయనా," అంది. "మేం తిన్నది మన కాలవ చేప. నువ్వు పాతిన కంప మీద చిక్కిన చేప. శత్రువు మాకు మెతుకు పెట్టలేదు. మేమంతా కడుపులు నింపుకున్నాం, నువ్వు ముక్క ముట్టలేదు. ఆ రోజు మేం చెప్పలేదు."

బావిలోంచి మెల్లగా, "సాక్షి పేరు?" అని వచ్చింది.

"నా పేరు వద్దు," అంది అత్త. "ఆ రోజు ఇక్కడే తల దించుకుని నిలబడ్డ మా అవ్వకి అవ్వ పేరు వేసుకో," అని ఆ పేరు చెప్పింది.

చింతచెట్టు నవ్వినట్టు ఊగింది. ఆ పాటుకి కంపలో పడ్డ చేపలు మోయలేక ఊళ్ళో బళ్ళన్నిటికీ ఇరుసులు విరిగాయి. ఇక చేప తిరిగి విసరడం లేదు. అయినా అటు వెళ్ళకండి. ఎందుకంటే ఒక సాక్షితో ఆయనకి ఆశ పుట్టింది, ఇప్పుడు దారినపోయేవాళ్ళందర్నీ కూర్చోబెట్టి సాక్ష్యం మొదట్నించి చెప్పమంటున్నాడు, ఒక్క ఫిరంగి గుండు వదిలేసినా మళ్ళీ మొదలు. నాలా కథంతా నోటికొచ్చినవాడైతే సరే, మీరైతే ముసలివాళ్ళై తిరిగొస్తారు.

ఏం సూరిబాబూ, ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మా అత్త చెప్పిన ఆ పేరు నువ్వూ విను, దళవాయి కొండమనాయుడి తరఫున సాక్షి, పెమ్మాడి మాచమ్మ.