తొమ్మిది దగ్గర ఆగిన మీటరు

శుక్రవారం తెలుగు ఆరాధన ముగించుకుని యెహెజ్కేలు బహ్రెయిన్‌లో తుబ్లీలోని టీకొట్టుకి వచ్చేసరికి అచ్చిబాబు అప్పటికే కబుర్లు అందుకున్నాడు. నెల క్రితం ఊరి నుంచి దిగి, గ్యారేజీలో స్పేరుపార్టులు అందించే పనిలో చేరిన మనిషి. తునిలో వాళ్ల నాన్నకి కార్ల షోరూం ఉండేదనీ, ఏడాదికి నాలుగు అంబాసిడర్లు అమ్మేవాళ్లమనీ మొదలుపెట్టాడు. అంతవరకూ నిజమే. అదే గ్యారేజీలో సొట్టలు తీసే యెహెజ్కేలు ఆ షోరూం ఎరుగును, ఆ సంగతి అచ్చిబాబుకి తెలియదు. టీ సగమయ్యేసరికి ఆ నాలుగూ నలభై అయ్యాయి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి కలెక్టర్లు కారు కోసం వాళ్ల వాకిట్లో వరసకట్టారు.

"కలకత్తా నుంచి మా కారు వెయ్యి కిలోమీటర్లు నడిచొచ్చినా, ఏమనుకున్నారు, మీటరు తొమ్మిది దాటేది కాదండి, ఏ కారైనా సరే తొమ్మిదే, మా నాన్న చేతి మహిమ అది, టైరుకి దుమ్మంటేది కాదు, చిలకా సరస్సు దగ్గర రోడ్డొదిలేసి నీళ్ల మీద నుంచే వచ్చేసేదండి, చేపలు పక్కకి తప్పుకునేవి."

"హారన్ కొడితే జరుగుతుండెనా?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న లచ్చన్న.

అందరూ నవ్వారు. యెహెజ్కేలుకి నవ్వు రాలేదు. కారు తిరగని కొత్తదిలా కనబడాలని, మీటరు తీగ ఊడదీసి తోలమని డ్రైవర్లకి చెప్పింది ఆ షోరూం పెద్దమనిషే. తోలినవాళ్లలో తన అన్న ఒకడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? డెబ్బై రెండులో సుందర్‌రాజని ఒక దొంగ డ్రైవరు తెల్లారకుండానే షోరూంలోంచి కొత్త కారు లేపేశాడండి. మా నాన్న సైకిలెక్కి వెంటపడి, బాణంలా పోయే కారుని ఒంటిచేత్తో వెనక బంపరు పట్టుకుని ఆపేస్తే, అది తాటిచెట్టంత ఎత్తు లేచి చింతచెట్టుకి కొట్టుకుంది. వాడేమో కలకత్తా నుంచి తెస్తున్నానని బొంకాడు. మా నాన్న పోలీసులకి మీటరు చూపించాడు. తొమ్మిది. కలకత్తా నుంచొస్తే తొమ్మిదేంట్రా అని ఆర్నెల్లు జైల్లో వేశారు."

ఈసారి పాండురంగ నవ్వు ఆగిపోయింది. ఆయన ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగి. యెహెజ్కేలు అన్న సుందర్‌రాజుకి డ్రైవరు వీసా వేయిస్తానని అతని దగ్గర ఆ పొద్దునే పాస్‌పోర్టు కాపీ తీసుకున్నాడు. జేబులోంచి దాన్ని తీసి, పేరు మళ్లీ చూసుకుని, వెనక్కి చాపాడు.

"ముందే చెప్పాల్సింది కదయ్యా."

యెహెజ్కేలు అందుకోలేదు. రెండు రాత్రులు కన్ను మూయకుండా తోలి, ఊరి పొలిమేరలో తూలి చెట్టుకి గుద్దాడు అన్న. మీటరు సంగతి బయటపడకుండా పెద్దమనిషి దొంగతనం మోపితే, ఆస్పత్రి నుంచే జైలుకి పోయాడు. పన్నెండేళ్లుగా ఎక్కడ పని అడిగినా ఈ మాటే ఎదురొచ్చింది. ఇప్పుడు సముద్రం దాటి ఇక్కడికీ వచ్చింది.

"అచ్చిబాబు గారూ," అన్నాడు. "కలకత్తా నుంచి మీ కారు ఏదొచ్చినా మీటరు తొమ్మిదేనన్నారు ఇందాక. మరి మా అన్న తోలిన కారులో తొమ్మిదుంటే, అది ఎక్కడి నుంచి వచ్చినట్టండీ?"

అచ్చిబాబు గ్లాసు ఎత్తాడు. అందులో ఏమీ లేదు. "ఆ కారు వేరు," అన్నాడు.

"ఏ కారైనా సరే అంటివి గదా," అన్నాడు లచ్చన్న.

పాండురంగ కాగితం మడిచి తిరిగి జేబులో పెట్టుకున్నాడు. "రెండు ఫోటోలు కావాలి. మీ అన్నకి ఉత్తరం రాయి."

"రాస్తాను," అన్నాడు యెహెజ్కేలు, చూపు అచ్చిబాబు మీదే ఉంచి. "మీటరు తీగ ఊడదీయమని ఇక్కడ ఎవరూ చెప్పరని కూడా రాస్తాను."