బొటనవేలి గుంట

మ్యూజియం గోదాములో, కర్రను చిత్రికపట్టే పాత తోపడాలన్నీ బల్లమీద వరసగా పేర్చాడు వాటి ఆలనాపాలనా చూసే ఉద్యోగి. ఎదురుగా నిలబడ్డావిడ ఒక వడ్రంగి కూతురు.

"వీటిలో మా నాన్నది ఏదండీ?"

"గోదాములోకి నీళ్లొచ్చినప్పుడు నంబరు చీటీలన్నీ ఊడిపోయాయమ్మా. మీరే గుర్తుపట్టాలి."

"దానికేం భాగ్యం! కళ్లు మూసుకుని చెప్తాను. ఏళ్ల తరబడి బొటనవేలు ఆన్చి ఆన్చి పిడి పక్కన గుంట పడిపోయింది. చిన్నప్పుడు అందులో నా వేలు పెట్టి ఆడుకునేదాన్ని."

అతను కళ్లజోడు తీసి తుడవసాగాడు.

ఆవిడ ఒక్కోదాన్నీ తడిమి చూసింది.

"అన్నీ ఇంత నున్నగా ఉన్నాయేంటండీ?"

"బాగుచేయించాం."

"అంటే?"

"పగుళ్లూ గుంటలూ లప్పంతో పూడ్చి పాలిష్ పెట్టించాం. అరిగి పాడైపోయాయనుకున్నాను. దగ్గరుండి నేనే చేయించానమ్మా."

"ఇంట్లో ఉంటే చెదలు తినేస్తాయని తెచ్చి మీ చేతుల్లో పెట్టాను."

అతను సొరుగులోంచి కొత్త చీటీ తీశాడు.

"మీ నాన్నగారి పేరు రాస్తాను. దేనికి కట్టమంటారు?"

"దేనికి కడితే ఏంటిలెండి. వేలు పెట్టడానికి చోటే లేదుగా."