పద్మప్రియగారు కోరిన విరమణ కానుక

రెండువేల మూడవ సంవత్సరం జూన్ పదహారవ తేదీన శ్రీమతి పద్మప్రియగారు మన ఏలూరు ఆరోగ్య బీమా శాఖలో గుమాస్తాగా ప్రవేశించారు. చింతలపూడి మెట్ట మొదలు కొల్లేటి లంకల వరకు పాలసీదారుల గుమ్మాలన్నీ ఎరిగి, తాడేపల్లిగూడెంలో అధికారిణిగా, మరల ఏలూరులో క్లెయిముల విభాగాధిపతిగా సేవలందించారు. క్లెయిము రాదన్న మాటను ఉత్తరంలో పంపడం ఆమె ఎరుగరు. పాలసీదారు ఇంటికి వెళ్లి, వారిచ్చిన మంచినీళ్లు తాగి, ఎదుట కూర్చుని చెప్పేవారు.

ఆ నియమమే ఆమెను తాడేపల్లిగూడెంలో సుగ్రా అనే ఇల్లాలి ఇంటికి నడిపించింది. సుగ్రా భర్త అల్తాఫ్ చేపల మేత కంపెనీ ఉద్యోగి. గర్భస్థ శిశువుకు పుర్రె ఏర్పడలేదనీ, పుట్టినా దక్కదనీ స్కానింగులో తేలగా, వైద్యుల సలహాపై ఆమెకు చట్టబద్ధంగా గర్భస్రావం జరిగింది. ఆ కంపెనీ తన ఉద్యోగుల కుటుంబాలకై మన వద్ద తీసుకున్న పాలసీలో అట్టి చికిత్సకు బీమా ఉన్నప్పటికీ, ఇష్టపూర్వకంగా గర్భం తీయించుకున్నారంటూ మన హెడ్డాఫీసు క్లెయిమును తిరస్కరించింది.

“ఇష్టపడి తీయించుకున్నానా అండీ? ఉయ్యాల కూడా కొనేసుకున్నామండీ మేడం! డబ్బులివ్వకపోతే మానేయండి, ఆ మాట మాత్రం నా పేరు పక్కన ఉంచకండి” అన్నది సుగ్రా.

ఏకాదశి తప్పక ఉపవసించే పద్మప్రియగారికి ప్రాణమంటే దైవస్వరూపమే. అయినను, శోకించే తల్లి పక్షాన నిలుచుట సైతం అర్చనయేనని ఆమె తలచారు.

“హెడ్డాఫీసు మీద యుద్ధమాండీ?” అని మేనేజరు గోపీచంద్‌గారు నవ్వారు.

“యుద్ధమెందుకండీ బాబూ, రోజూ ఫోన్ చేస్తుంటే వాళ్లే విసుగెత్తి ఇస్తారు.”

అట్లే జరిగింది. ఆ మాట తొలగింది, క్లెయిము మంజూరైంది. శుభవార్తను సైతం ఎదుటనే చెప్పాలని బయలుదేరబోతూ ఆమె తనకు ఆఫీసు ఇచ్చిన సెల్‌ఫోన్ నుండి సుగ్రాకు ఫోన్ చేశారు.

“ఇప్పుడు రాకండి మేడం. మిమ్మల్ని చూస్తే ఆ రోజే గుర్తొస్తుందండీ. చేతిలో బిడ్డ ఉన్నప్పుడు నేనే పిలుస్తాను, తప్పకుండా రావాలి.”

కొల్లేటికి గూడబాతులు వచ్చాయి, వెళ్లాయి, మరల వచ్చాయి. ఆ పిలుపు రాలేదు. ఎరుగని నంబరు నుండి ఫోన్ మోగితే నేటికీ ఆమె చేతిలోని పని ఆగిపోతుంది.

“విరమణ కానుకగా ఏం కావాలండీ మేడం?” అని సహోద్యోగులు అడిగినప్పుడు, “శాలువాలు చాలా ఉన్నాయండీ. ఆ ఆఫీసు ఫోన్ నంబరు నాకు వదిలేయండి, చాలు” అన్నారు. శాఖ అందుకు సమ్మతించింది.

సర్వేశ్వరుడు పద్మప్రియగారికి పూర్ణాయుష్షును, ఆ ఫోన్ మోగిన నాడు తాడేపల్లిగూడెం బస్సెక్కగల మోకాళ్ల సత్తువను ప్రసాదించుగాక. సుగ్రా కంఠం వెనుక పసిబిడ్డ ఏడుపు కూడా ఆమెకు వినిపించుగాక!