టాప్ క్యారియర్ మీద ఎనిమిది పసుపు గీతలు

నా వయసు నలభై మూడేళ్ళు. వృత్తి బోర్డులు రాయడం. దుకాణాల పేర్లు, బళ్ళ నంబర్లు, గోడల మీద ప్రకటనలు రాస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రిజిస్టర్‌లో మీరు రాసుకున్న పేరు పెట్టి అడిగితే మా వీధిలో సగం మందికి తెలియదు. బోర్డులక్క అంటే ఇల్లు చూపిస్తారు. నేను, మా ఆయన, మా మరిది, తోటికోడలు ఒకే ఇంట్లో ఉంటాం. మీరు బుధవారం తీసుకొచ్చి లోపల పెట్టిన మనిషి మా మరిది. ఈ రోజు శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. ఎవరూ పిలవలేదు. మంగళవారమే రావలసింది. రాలేదు.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక పాత ఫోర్ వీల్ జీపు ఉంది. కొండదారులు చూడాలని వచ్చేవాళ్ళను ఎక్కించుకుని తిప్పి తీసుకురావడం వాళ్ళ పని. మరిది నడుపుతాడు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని కబుర్లు చెబుతాడు. దారి మరీ పాడుగా ఉన్నచోట దిగి, బండికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎడమకి, కుడికి అని చెయ్యి ఊపుతాడు.

పోయిన ఏడాది వేసవిలో జీపు మీద టాప్ క్యారియర్ పెట్టించాలనుకున్నాం. ఏది పెట్టించాలన్న దాని మీద ఇంట్లో మూడు వారాలు వాదన నడిచింది. మరిది చిన్నది చాలన్నాడు. "అల్యూమినియంది తీసుకుందాం అన్నయ్యా. బరువంతా నెత్తికెక్కిస్తే పక్కకు వాలిన దారిలో బండి ఒరిగిపోతుంది" అన్నాడు. మా ఆయన వినలేదు. "ఒరే, అది క్యారియరా, పళ్ళబుట్టా? పెట్టిస్తే నిండుగా పెట్టించాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇనుముది" అన్నాడు. ఇద్దరూ పట్టిన పట్టు వదలక చివరికి నన్ను అడిగారు.

నేను పెద్దదే బాగుందన్నాను. మొగుడి మాట కాదనలేక అనలేదు. పెద్ద క్యారియర్‌కు ముందు భాగంలో, అద్దం పైన, అడ్డంగా ఒక బోర్డు బిగించుకునే వీలుంది. చిన్నదానికి లేదు. నేను రాసిన అక్షరాలు కొండలన్నీ తిరుగుతాయని ఆశపడ్డాను. ఈ సంగతి వాళ్ళిద్దరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

వెల్డింగ్ షాపు మేస్త్రీ దాన్ని బిగించి ఇచ్చాడు. జీపు కప్పుకు చుట్టూ వాననీళ్ళు జారే గాడి ఉంటుంది. ఆ గాడి అంచును పట్టుకునేలా పక్కకు నాలుగు చొప్పున ఎనిమిది క్లాంపులు పెట్టాడు. క్యారియర్ అంతా ఆ ఎనిమిదింటి మీదే నిలబడుతుంది. మేస్త్రీ మా ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు. "బండి ఆగి ఉన్నప్పుడు దీని మీద నలుగురు పడుకున్నా ఏం కాదు. కదిలిందంటే లెక్క వేరు. డెబ్బై కిలోలు దాటొద్దు, రాళ్ళదారైతే యాభై. వంద కిలోమీటర్లకోసారి నట్లు బిగించుకోండి. మరిచిపోయి తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

దానితో వేగడం మొదట్లో కష్టమే అయింది. షెడ్డులోకి బండి పట్టలేదు. రేకులు విప్పించి పైకి లేపించాం. వేగం అరవై దాటితే చాలు, గాలికి చెవులు గింగుర్లెత్తేలా ఈల వేసేది. మరిది క్యారియర్ ముందు గొట్టానికి తాడు మెలికలు మెలికలుగా చుట్టాడు, ఈల ఆగింది. ఎదురింటి టైలరు దానికి మంచం బండి అని పేరు పెట్టాడు. పెట్టడా మరి? మా ఆయన మధ్యాహ్నాలు దుప్పటి పరుచుకుని దాని మీదే కునుకు తీసేవాడు. తోటికోడలు దాని మీదే బట్టలు ఆరేసేది. నాలుగు నెలలకు అందరికీ అలవాటైపోయింది.

పసుపు గీతల ఆలోచన నాది. నట్టు బిగించాక, నట్టు మీద నుంచి క్లాంపు మీదికి ఒకే గీత గీస్తాను. నట్టు ఏ కాస్త తిరిగినా గీత తెగినట్టు కనపడుతుంది. అప్పుడు పానా తీస్తే సరి. రోజూ ఎనిమిదింటినీ తిప్పి చూడక్కర్లేదు, కంటితో చూస్తే చాలు. పానా ముందు, కుంచె తర్వాత అని ఇంట్లో అనుకున్నాం. మరిది బిగించాలి, పక్కన నిలబడి నేను గీయాలి. బిగించని నట్టు మీద గీత పడకూడదు. "వదినా, నీ గీత చూసి నట్టుకే సిగ్గేసి కదలడం మానేసింది" అనేవాడు. అతను నట్టును చూడడం మానేసి నా గీతను చూడడం అలవాటు చేసుకున్నాడు. నేనే అలవాటు చేశాను.

సోమవారం సంగతి చెబుతాను. మర్నాడు కొండదారికి రావలసిన నలుగురూ జీపు ముందు ఫొటో దిగుతామన్నారట. బోర్డు వెలిసిపోయింది, కాస్త రంగు వెయ్యమని మా ఆయన అడిగాడు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాను. మరిది టైరు షాపుకు వెళ్ళాడు. బోర్డు మీద అక్షరాలు ఎర్ర రంగుతో రాయడం అయిదింటికి అయింది. క్లాంపుల మీద గీతలు దుమ్ము పట్టి, చెరిగి, చూడడానికి బాగా లేవు. పసుపు డబ్బా మూత తీసి ఎనిమిదీ మళ్ళీ గీశాను. అయిదూ ఇరవైకి పని ముగించి కుంచె కడుక్కున్నాను. పానా ముట్టుకోలేదు. మరిది వచ్చాక చెప్పనూ లేదు.

మంగళవారం ఉదయం ఏడూ పదికి మరిది ప్రతి సంచినీ వేలాడదీసే కాటాకు తగిలించి తూచాడు. మొత్తం నలభై ఆరు కిలోలు. నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం మీ దగ్గరే ఉంది, చూడండి. తర్వాత జీపు చుట్టూ తిరిగి గీతలన్నీ చూశాడు. నేను వంటింటి కిటికీ దగ్గర టీ వడగడుతున్నాను.

"వదినా, కొత్తగా గీశావే?" అన్నాడు.

"ఊ" అన్నాను.

"బిగించాకే కదా?"

మళ్ళీ "ఊ" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. ఏడూ ఇరవై అయిదుకు బండి కదిలింది.

మిగతాది నేను చూడలేదు, బండిలో వెళ్ళినవాళ్ళు చెప్పారు. తొమ్మిదీ నలభైకి, రాళ్ళ వాలు దగ్గర మా ఆయన దిగి ముందు నడుస్తున్నాడు. బండి అడుగు అడుగుగా దిగుతోంది. మరిది బ్రేకు వేశాడు. ముందు ఎడమ క్లాంపు వదిలింది. దాని వెనక మిగతావి ఒక్కొక్కటిగా గాడి అంచును చీల్చుకుంటూ వచ్చాయి. క్యారియర్ సామాన్లతో సహా బానెట్ మీదుగా జారి మా ఆయన మీద పడింది. ఆయన అప్పటికి చెయ్యి ఊపుతూనే ఉన్నాడట.

పదీ అయిదుకు నాకు ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయనను ఆసుపత్రికి చేర్చారు. ఒక కాలికే చెప్పు ఉంది. నడుము దగ్గర వెన్నెముక దెబ్బతిన్నదన్నారు. మళ్ళీ నడుస్తాడో లేదో నెల దాకా చెప్పలేమన్నారు. కాళ్ళు ముట్టుకుంటే, "ముట్టుకున్నావా?" అని అడుగుతున్నాడు.

ఆ సాయంత్రం ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "వాడు నట్లు చూశాడా?"

"చూశాననే అంటున్నాడు" అన్నాను.

"చూస్తే ఎలా ఊడుతుంది?" అన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పలేదు. కాసేపటికి మరిది గుమ్మం దగ్గరికి వస్తే ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "వాణ్ణి నా కళ్ళ ముందుకు రావద్దను" అన్నాడు. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.

బుధవారం మీవాళ్ళు మరిదిని తీసుకొచ్చారు. "నట్లు చూశాను, అంతా సరిగ్గానే ఉందనుకున్నాను, తప్పు నాదే" అని మీతో అన్నాడట. నా పేరు ఎత్తలేదట. నిన్న అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఊచల దగ్గర నిలబడి అడిగాను. "గీతల సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే నిన్ను కూడా తెచ్చి ఇక్కడ కూర్చోబెడతారు. అన్నయ్య నన్ను ఎలాగూ వద్దనుకున్నాడు. నువ్వైనా ఆయన దగ్గర ఉండాలి కదా వదినా" అన్నాడు. అని క్యారేజీ మూత తీసి, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు అందులోకే చూస్తూ ఉండిపోయాడు. నా మీద కేకలు వేసి ఉంటే బాగుండేది.

ఇంటికి వెళ్ళాక తోటికోడలు అడిగింది. "అక్కా, ఈయన చూడకుండా బండి తీసే మనిషి కాదు కదా? నీకైనా తెలుసు కదా?" అంది. తెలుసు అన్నాను. "అయితే ఆ మాట బావగారికి చెప్పక్కా, నీ మాటైతే వింటారు" అంది. ఈ పొద్దున నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. ఇక్కడికి వచ్చాను.

ఇప్పటిదాకా చెప్పినది మీ రైటరు గారు రాసి నాకు చదివి వినిపించారు. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం, ఎనిమిదీ మళ్ళీ గీశాను అన్న దగ్గర, నట్టు వదులైన సంగతి గమనించక గీశాను అని ఉంది. రైటరు గారు మంచి మనసుతో వేసిన మాట. అది కొట్టివేయండి. నేను గమనించాను. ముందు ఎడమ క్లాంపు మీద పాత గీత తెగి ఉంది. బియ్యపుగింజంత పక్కకు జరిగింది. చూశాను. ఆ నట్టుకు పానా తగలాలంటే ముందున్న బోర్డు విప్పాలి. బోర్డు మీద అక్షరాలు అప్పుడే రాశాను, ఇంకా తడిగా ఉన్నాయి. విప్పితే చెదిరిపోతాయి. రేపు ఆరాక మరిదికి చెబుదాంలే అనుకుని, తెగిన గీతను కలుపుతూ గీసేశాను.

అక్షరాలు చెదరలేదు. మీ స్టేషన్ ఆవరణలో ఆ బోర్డు ఉంది, వస్తూ చూశాను.

ఇందులో ఉన్నదంతా జరిగినది జరిగినట్టు నేనే చెప్పాను. ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశపెట్టలేదు. విని, దిద్దించి, సంతకం చేస్తున్నాను. మీరు ఒప్పుకుంటే మా మరిదిని ఈ పూటే వదలండి. ఈ కాగితం నకలు అతని చేతికిచ్చి ఆసుపత్రికి పంపండి. వాళ్ళన్నయ్య కళ్ళజోడు నా సంచిలో ఉంది, అది కూడా ఇస్తాను. చదివాక ఆయన నన్ను రమ్మంటే వెళ్తాను.

(సంతకం)

నా ముందు చెప్పి, నా ముందు సంతకం చేశారు. "నట్టు వదులైన సంగతి గమనించక" అన్న మాటలు వారి కోరికపై కొట్టివేయడమైనది.

(స్టేషన్ అధికారి సంతకం)
శుక్రవారం, మధ్యాహ్నం 12.50