దెబోరమ్మ పులావు, దేవకుమార్ ప్రొటీన్

కోతలు కోసేవాడికి పొలం అక్కర్లేదు, కొడవలీ అక్కర్లేదు. కూర్చోడానికో కుర్చీ, చేతిలో టీ కప్పు, ఎదురుగా మర్యాద అడ్డొచ్చి లేచి పోలేని పదిమంది ఉంటే చాలు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు సంఘం ఆరాధనకి అద్దెకి తీసుకున్న చర్చి బేస్‌మెంట్‌లో దేవకుమార్‌కి ఈ మూడూ ప్రతి ఆదివారం దొరికేవి.

ఆయన టీ వేళ నోరు తెరిస్తే దెబోరమ్మ వంటగదిలోకి పోయి గిన్నెలు తోముకునేది. నిజానికి గిన్నెల చప్పుడే నయమనేది కూడా. ఈ ఆదివారం మాత్రం గిన్నెలు సింకులోనే వదిలేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎందుకంటే ఈ రోజు కోతల వెనక ఆమె గుండిగ ఉంది.

సంగతేమిటంటే, సంఘం మొదలైనప్పటి నుంచి ఆరాధన అయ్యాక వచ్చినవాళ్ళందరికీ దెబోరమ్మ చికెన్ పులావు వండి పెడుతోంది. ఎంతమంది వస్తారని ముందు ఎవర్నీ అడగదు. గుండిగ నిండా వండుతుంది, గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళకి కంచం ఇస్తుంది. దేవకుమార్ ఇప్పుడు సంఘం పాస్టరు అయ్యగారికి ఒక ప్రతిపాదన ఇచ్చాడు. వచ్చే నెల నుంచి పులావు మానేయాలి. బయట నుంచి కాల్చిన కోడిముక్క, ఉడకబెట్టిన బ్రాకలీ తూచి పెట్టిన పెట్టెలు తెప్పించాలి. పెట్టె మీద ప్రొటీన్ ఎంతో, క్యాలరీలు ఎన్నో రాసి ఉంటుంది. కావలసినవాళ్ళు శుక్రవారంలోగా ఫోన్లో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు చేసుకోనివాళ్ళకి పెట్టె ఉండదు. టీ అయ్యాక చేతులెత్తించి తేలుస్తానని అయ్యగారు ఆరాధనలోనే ప్రకటించేశారు.

దేవకుమార్ కార్ల సీట్లు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. యాభై దాటాడు. కిందటేడు డాక్టరు షుగర్ వస్తుందని భయపెడితే జిమ్‌లో చేరాడు, ఫోన్లో యాప్ పెట్టుకుని తిన్నదల్లా అందులో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇంతవరకూ వంక పెట్టాల్సింది ఏమీ లేదు. ఒళ్ళు కాపాడుకోవడం మంచిదే. కానీ మనిషి బరువు నాలుగు పౌండ్లు తగ్గితే మాటల బరువు నలభై పౌండ్లు పెరిగింది. పైగా ఆదివారం పులావు రెండు కంచాలు తిని, దాన్ని మాత్రం యాప్‌లో ఎక్కించడు. ప్రార్థన చేసిన భోజనానికి క్యాలరీలు ఉండవని ఆయన సిద్ధాంతం. ఈయన చెయ్యి ఈయన ఆపుకోలేక ఊరందరి కంచాలూ ఎత్తేయిస్తున్నాడన్నది దెబోరమ్మ మంట.

ఆ మంట ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో వార్డెనమ్మ గరిటె అంచుని వేలితో గీసి, పైన నిలిచిన అన్నాన్ని మళ్ళీ గిన్నెలోకి రాల్చి మరీ పెట్టేది. అక్కడ లేక కొలిచారు. బియ్యం బస్తాలు గరాజుల్లో పడి మూలుగుతున్న ఈ దేశంలో కొలిచి పెట్టడమేమిటన్నది ఆమె ప్రశ్న.

దేవకుమార్ టీలో చక్కెర వద్దని అందరికీ వినపడేలా చెప్పి మొదలుపెట్టాడు. మొదట నమ్మమని అడిగింది చిన్నదే. ఆఫీసులో తాగేనీళ్ళ డబ్బా మార్చాల్సి వచ్చిందట. ఇంతకుముందు ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు, ఆ రోజు ఈయన ఒంటిచేత్తో ఎత్తి బోర్లించాడట. బోర్లించేటప్పుడు ఒక్క చుక్క కింద పడలేదట. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నీళ్ళ డబ్బాయే కదా, ఎత్తితే ఎత్తాడు.

అభ్యంతరం లేదని చూసి ఆయన జిమ్‌లోకి వెళ్ళాడు.

"డెడ్‌లిఫ్ట్ అంటే తెలుసుగా, నేల మీద ఉన్న ఇనప కడ్డీని నడుం దాకా లేపడం. అటో బిళ్ళ ఇటో బిళ్ళ వేసి లేపాను. దూదిలా ఉంది. ఇంకో రెండు వేశాను, అదీ అంతే. ఇలా వేస్తూ పోతే జిమ్‌లో బిళ్ళలు అయిపోయినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేర్పే కుర్రాళ్ళు ఇద్దరుంటే, కడ్డీకి అటొకణ్ణి ఇటొకణ్ణి కూర్చోమన్నాను."

"కూర్చున్నారా అంకుల్?" అని షెరిన్ అడిగింది.

"కూర్చోక? భయపడుతూనే కూర్చున్నారు. లేపాను. కడ్డీ వంగి వంగి చివరికి గాజులా చుట్టుకుపోయింది. మేనేజరు వచ్చి, సార్, మీరు కావాలంటే జీవితాంతం ఫ్రీగా రండి, కానీ ఏదీ ముట్టుకోకండి అన్నాడు."

నవ్వారు. షెరిన్ మాత్రం నవ్వకుండా కాసేపు ఆయన అరచేతుల వంక చూసింది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, ఫార్మసీలో పని. సాయంత్రాలు బరువులెత్తుతుంది, వచ్చే నెలలో మొదటిసారి పోటీకి దిగుతోంది. ఆమె కూడా తిన్నది లెక్క రాసుకుంటుంది, పులావుతో సహా. ఆమె అరచేతులు కాయలు కాసి గరుగ్గా ఉంటాయి. దేవకుమార్ చేతులు పెళ్ళికొడుకు చేతుల్లా నున్నగా ఉన్నాయి.

ఇదంతా ప్రొటీన్ మహిమ అన్నాడు దేవకుమార్. పొద్దున పది గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం ఉప్పు లేని కోడి, సాయంత్రం షేక్. ఆరునెలలుగా అన్నం మెతుకు ముట్టలేదట. మరి ఇందాక రెండో కంచం ఎవరు తిన్నారని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆయన దానికి చెవి పెట్టలేదు. రక్తం తీసుకునే నర్సు ఈయన చెయ్యి పొడిస్తే సూది వంగిపోయిందట. జిమ్ గోడ కన్నాల్లోంచి యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు తొంగిచూస్తున్నారట. వాళ్ళలో ఒకడు కాళ్ళ మీద పడబోతే మన విశ్వాసంలో అలాంటివి కూడదని లేవనెత్తాడట, అదీ చిటికెనవేలితో.

పక్కనే కూర్చున్న జెరెమీ తల ఊపుతున్నాడు. ఎమ్మెస్ చదువుకోడానికి ఒంగోలు నుంచి వచ్చి రెండేళ్ళయింది. తన కంపెనీలో ఉద్యోగానికి రెఫర్ చేస్తానని దేవకుమార్ మాటిచ్చి ఉన్నాడు కాబట్టి జెరెమీ మెడకి ఆపే పని లేదు, ఊపే పనే.

"ఇదంతా ఒక ఎత్తు," అన్నాడు దేవకుమార్, కప్పు కింద పెట్టి. "జనవరిలో ఆ మంచు ఆదివారం గుర్తుందా? ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో నా బండి మంచు కుప్పలోకి దిగబడిపోయింది, చూడండి."

జెరెమీ తల ఊపడం ఆగిపోయింది. వాడు బూట్ల వంక చూసుకోవడం మొదలుపెట్టాడు. దెబోరమ్మకీ ఆ ఆదివారం బాగా తెలుసు. పోనీ, ఎంతదూరం పోతాడో చూద్దాం అనుకుంది.

ఆయన చాలా దూరమే పోయాడు. చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి కదలడం లేదట. ఏం చేయాలని ఆలోచించి, వెనక్కి వెళ్ళి, నడుం వంచకుండా, మోకాళ్ళ మీదే బరువు వేసి, గాలి బిగబట్టి, రెండు చేతులతో బంపర్ పట్టుకుని బండిని ఎత్తి, పక్కన పొడినేల మీద పెట్టాడట, పిల్లాణ్ణి ఉయ్యాల్లోంచి తీసి పడుకోబెట్టినట్టు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు తోసే లారీ వస్తోంది. పెద్దది, ముందర రేకు పలక ఉంటుంది కదా, అది. అదీ దిగబడింది. డ్రైవరు లోపల ఏడుస్తున్నాడు. సరే, వచ్చినవాళ్ళం ఎలాగూ వచ్చాం కదా అని ఎడం చేత్తో దాని వెనక భాగం లేపాను."

"కుడి చెయ్యి?" అని అయ్యగారే అడిగారు, ఉండబట్టలేక.

"అదే చెప్తున్నా అయ్యగారూ. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. యాప్. ఇవాళ నీకింకా ఇరవై గ్రాముల ప్రొటీన్ బాకీ ఉందని. టైమ్ తప్పితే కండ కరిగిపోతుంది కదా. ఎడం చేత్తో లారీ అలాగే పట్టుకుని, కుడి చేత్తో షేక్ కలుపుకుని తాగాను. తాగి యాప్‌లో ఎక్కించాను. అప్పుడు లారీ దించాను. గుండె కొట్టుకోవడం ఎంతుందో చూద్దామని వాచ్ చూస్తే, నిద్రపోతున్నారని చూపిస్తోంది."

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే దేవకుమార్ లేచి నిలబడి, ఇదీ శక్తి, పులావు తిని నిద్రపోయే సంఘమా, పెట్టె తిని కొండలు కదిపే సంఘమా, మీరే తేల్చుకోండి అన్నాడు. నవ్వినవాళ్ళు చాలావరకు తలలు కూడా ఊపారు. తినడం మంచిది కాదని చెప్పేవాడి మాటకి, ఇప్పుడే తిని కూర్చున్నవాళ్ళ దగ్గర ఎప్పుడూ విలువే. దెబోరమ్మ అది చూసింది. అయ్యగారు చేతులెత్తించడానికి లేవబోతున్నారు.

"అయ్యగారూ, ఒక్క నిమిషం," అంది దెబోరమ్మ. "బ్రదర్, ఆ వేళ బండి ఎత్తినప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు?"

"వెనకాల సిస్టర్. బంపర్ దగ్గర."

"బంపర్ దగ్గర నేను నిలబడ్డాను కదండీ."

దెబోరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"నా ఎడం పక్కన షెరిన్. కుడి పక్కన ఈ జెరెమీ, వీడి రూమ్మేట్లు ఇద్దరు. చేతులకి గ్లౌజులు కూడా లేవు పిల్లలకి. తమరు లోపల హీటర్ వేసుకుని కూర్చుని, అద్దం రెండు వేళ్ళంత దించి, ఇంకాస్త గట్టిగా సిస్టర్ అన్నారు. అన్నారా లేదా?"

దేవకుమార్ జెరెమీ వంక చూశాడు. జెరెమీ తల ఎత్తలేదు, కానీ ఈసారి ఊపాడు, దెబోరమ్మ వైపు. షెరిన్ తనకొచ్చిన తెలుగులో, "నిజం అంకుల్, నా షూ కూడా మంచులో పోయింది," అంది.

"అంటే లెక్క ఇలా తేలింది," అంది దెబోరమ్మ. "పులావు తిన్నవాళ్ళం తోశాం. ప్రొటీన్ తాగినాయన కూర్చున్నాడు."

ఈసారి నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. దేవకుమార్ చెయ్యి అడ్డంపెట్టి, స్టీరింగ్ తిప్పడమంటే అంత తేలికనుకుంటున్నారా, మంచులో స్టీరింగ్ ఎంత బరువెక్కుతుందో ఇంజనీర్ని కాబట్టి నాకు తెలుసు, అది పట్టుకోవాలంటే భుజాల్లో ఎంత సత్తువ ఉండాలి అని మొదలుపెట్టాడు. కానీ దెబోరమ్మ ముఖంలో నవ్వు లేదు. అది చూసి ఆయనే ఆగాడు.

"మీ కంచం మీరు కొలుచుకోండి బ్రదర్. ఒళ్ళు మీది, షుగర్ మీది, కొలుచుకోవాల్సిందే. షెరిన్ కొలుచుకోవడం లేదా? అందులో తప్పేముంది? నా గుండిగ మాత్రం కొలవకండి. జెరెమీ రూమ్మేట్లు ఇద్దరూ ఆ వేళే మొదటిసారి వచ్చారు. శుక్రవారం పేరు రాయించుకున్నారా? మీరు చెప్పిన పద్ధతే ఉంటే గుమ్మంలో నిలబెట్టి, పెట్టె లేదు పొండి అని పంపేసేవాళ్ళం. పంపేసుంటే మీ బండి మంచు కరిగేదాకా అక్కడే ఉండేది."

తిన్న కంచాలు బల్లల మీద అలాగే ఉన్నాయి. అయ్యగారు లేచి, ఇక చర్చ అక్కర్లేదనుకుంటాను, బ్రదర్ దేవకుమార్ గారి ప్రతిపాదనకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు.

ఒక చెయ్యి లేచింది. ఠీవిగా, నిటారుగా, కండ కనపడేలా చొక్కా చెయ్యి మడిచి ఉన్న చెయ్యి. పైకి లేచాక దేవకుమార్ అటు చూశాడు, ఇటు చూశాడు. హాలు మొత్తం మీద గాల్లో ఉన్న చెయ్యి అదొక్కటే. దించితే ఓడినట్టు, ఉంచితే ఒంటరి. ఒక్క క్షణం ఆలోచించి, ఆ చేతిని మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. భోజనం అయ్యాక భుజం ఇలా తిప్పితే కీళ్ళు వదులవుతాయని, ట్రైనర్లు ఎవరూ చెప్పని రహస్యమని పక్కవాళ్ళకి వివరించాడు.

దెబోరమ్మ గిన్నెలు తోముకోడానికి లేచింది.

"రెండో చెయ్యి కూడా తిప్పండి బ్రదర్," అంది పోతూ పోతూ. "లేకపోతే ఒక పక్కే బలిసిపోతారు."