ఊడిన గాలి పైపు

తాయారు అలిగి పెందుర్తిలోని పుట్టింటికి వెళ్ళాక, ఆమె అన్న తన కారు తీసుకుని గాజువాకలో ఆమె భర్త నడిపే మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. ఆగి ఉన్న కారు వణుకుతోంది.

“ఏటి బావా, నీ కారుకి సలిజొరమా?”

“నువ్వే సెప్పాల. డాక్టరువి కదా!”

“స్కానర్ సూడు. బండి ఆగుండగా, ఐడ్లింగులో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ ఇరవై ఐదు శాతం. సాల్లేదు సాల్లేదని ఇంజను ఎక్కువ పెట్రోలు పోయించుకుంటంది.”

“మా ఇంటల్లుడి లాగన్నమాట.”

“ఎటకారం ఆపి యాక్సిలేటర్ తొక్కు. సూసావా, రేస్ సేత్తే మామూలైపోనాది. ఎక్కడో దొంగగాలి దూరుతంది.”

“అబ్బో! పెళ్ళాం ఎందుకలిగిందో తెలీనోడివి, గాలి ఎటునుంచి దూరుతందో కనిపెట్టీసావు!”

“ఇదిగో, ఇంజను గాలి పైపు, వేక్యూమ్ పైపు ఊడిపోనాది. క్లిప్పు మాత్రం పక్కనే బుద్ధిగా ఉంది. దానంతట అదే ఇప్పుకుందేటి?”

“మన రోడ్లు అలాగున్నాయి మరి.”

“బావా!”

“సరే, నానే పీకాను. ఫోన్ సేత్తే ఎత్తవు, ఇంటికి రావు. కారుకి జబ్బు సేత్తేనే కదా నీకు జాలి!”

“తాయారు రమ్మందా?”

“అది రమ్మంటే నాకీ పైపులు పీకే కర్మేటి? ముందు ఎవులు మాటాడాలా అని మీ ఇద్దరికీ పోటీ. మధ్యలో నా పెట్రోలు అయిపోతంది.”

మెకానిక్ బానెట్‌లోకి వంగి పైపు బిగించాడు. ఇంజను కుదుటపడింది. చేతులు శుభ్రంగా కడుక్కుని, తల దువ్వుకుని, డ్రైవరు వైపు తలుపు తీశాడు.

“పక్క సీట్లోకి జరుగు బావా. పెందుర్తి దాకా టెస్ట్ డ్రైవ్ సెయ్యాల.”