వాల్‌నట్ పిడి

వేట మొదలయ్యే వారం. మోంటానాలోని తన తుపాకుల దుకాణంలో, ట్రూడీ బల్లమీద పెట్టిన పిడిలేని రైఫిల్ కేసి వెర్లిన్ వింతగా చూశాడు.

"ప్లాస్టిక్ పిడి కావాలి. వానకి ఉబ్బనిది, మంచుకి పగలనిది, మొగుడు చెక్కనిది."

"మీ డ్వేన్ వాల్‌నట్ చెక్కతో చెక్కింది ఏమైంది? ప్రాణం పెట్టి చెక్కాడు కదా!"

"చెక్కాడు, ఆపైన తనూ చెక్కేశాడు. నన్ను వదిలాడు గానీ పిడిని వదల్లేదు, కోర్టుకెక్కాడు. మా నాన్న తుపాకి నాకు, పిడి అతనికి అన్నాడు జడ్జి."

"ఇచ్చేశావా?"

"నిన్న పట్టుకెళ్ళడానికొచ్చాడు. భోజనం పెట్టాను. పొగబెట్టిన దుప్పి మాంసం మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు."

"ఏ కట్టెతో పొగబెట్టావేంటి?"

"అతనూ అదే అడిగాడు."

నల్ల ప్లాస్టిక్ పిడి అందుకోబోయిన వెర్లిన్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏమన్నావ్?"

"వార్నిషు గీకేశాలే, భయపడకు. నీ వాటా నీకు ముట్టింది, అన్నాను."